వెనక సీటు

"టెస్ట్ రైడ్ లేదు, ఏమీ లేదు. ఆ తాళం ఇట్టా ఇచ్చేసి నడువన్నా!"

గిద్యోను గట్టిగానే అరిచాడు. అరవక ఏం చేస్తాడు? ఈ నెలలో ఒక్క బండీ అమ్మలేదు. సాయంత్రంలోగా ఒక్క బుకింగ్ అయినా రాకపోతే రేపట్నుంచి షోరూం మెట్లెక్కొద్దని మేనేజరు ప్రేమలీల పొద్దున్నే తేల్చి చెప్పింది. అద్దాల గదిలోంచి ఇటే చూస్తోంది కూడా.

సమాధానం అనే ఆ పెద్దాయన బల్ల మీంచి తీసుకున్న తాళం తిరిగి ఇవ్వలేదు. మైపాడులో సముద్రం మీద చేపల వేటకు పోయే మనిషి, వలలు లాగి లాగి కాయలు కాచిన గుప్పిట్లో దాన్ని దాచుకున్నాడు. "మెల్లగా అబ్బయ్యా. అది వింటాది" అన్నాడు.

అది అంటే ఆయన భార్య రెబెక్కమ్మ. మెట్ల కింద నిలబెట్టిన కొత్త మూడొందల యాభై సీసీ బండి వెనక సీటు మీద అప్పుడే ఎక్కి కూర్చుంది. మొహం ఉబ్బిపోయింది. పాదాలు చెప్పుల్లో పట్టక ఒట్టి కాళ్ళతోనే వచ్చింది. అయినా పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమ్మలాగా సీటు నొక్కి నొక్కి చూస్తోంది.

"నాయనా, ఈ ఆనుకునే దిండు పోయినసారి లేదే! బాగుండాది. పక్కన సామాను పెట్టెలు బిగిస్తే మాత్రం నా కాళ్ళు యాడ పెట్టుకోవాల?" అని అక్కణ్ణుంచే కేకేసింది.

మామూలు రోజైతే గిద్యోను మురిసిపోయేవాడు. వచ్చే కుర్రాళ్ళంతా సైలెన్సర్ చప్పుడు వింటారు, అద్దంలో జుట్టు చూసుకుంటారు. వెనక కూర్చునే మనిషి సుఖం అడిగినవాడు ఒక్కడూ లేడు. అడిగేది ఈమె ఒక్కతే. చీర గార్డు చిన్నదంటుంది, షాక్ అబ్జార్బర్లు గట్టివంటుంది. బండి కొన్నాక ఇద్దరూ కన్యాకుమారి పోతారట, మూడు సముద్రాలు కలిసే చోటు చూడాలట. ఆ మాటలు నమ్మి ఎన్నిసార్లు బండి ఇచ్చాడో!

నిన్ననే ఎదురు షోరూంలో పనిచేసే రెజీనా ఫోన్ చేసి నవ్వింది. "ఆ మైపాడోళ్ళా? మాకాడా అంతే. బస్సు దిగతారు, టెస్ట్ రైడ్ అంటారు. పెద్దాసుపత్రి కాడ ఆమెను దించి, ఖాళీ బండి తెచ్చిస్తాడు ఆయన. ఆమెకు కిడ్నీలు పోయినాయంట. నిన్ను ఆటోవాణ్ణి చేసుకున్నారు కదయ్యా!"

ఆ నవ్వు ఇంకా చెవుల్లో గింగురుమంటోంది.

"విననీ! కొనేది లేదు, పాడూ లేదు. ఊరికే తిప్పించుకోను వస్తుండారు. ఈడ నా ఉద్యోగం పోతాంది, తెలుసా?"

సమాధానం అతని మోచెయ్యి పట్టుకుని స్తంభం చాటుకు లాక్కుపోయాడు.

"నిజమే అబ్బయ్యా, తప్పే. ఆటో కుదుపుకు అది అల్లాడిపోతాది. మీ బండి మీద ఐతే కిక్కురుమనదు. నేను కొంటాననే అనుకుంటాంది, పిచ్చిది. ఈ ఒక్కరోజు ఇయ్యి."

"ఆసుపత్రికి తీసకపోవడానికి మా బండే దొరికిందా?"

"ఆసుపత్రికి కాదు."

గిద్యోను వెనక సీటు వైపు చూశాడు.

"పోయిన వారమే చెప్పేసినారు. గుండె తట్టుకోలేదంట. ఇంక రక్తం కడిగే మిషను మీద పెట్టం, ఇంటికాడే ఉంచుకోమన్నారు. దానికి తెలీదు. మంగళవారం మిషను రోజు కదా, తెల్లారే చీర కట్టుకొని కూర్చునింది. తీసకరాకపోతే తెలిసిపోదా?" సమాధానం తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు. "మిషను రిపేరొచ్చిందని చెప్పాల. బస్సులో ఎన్నిసార్లు నోరు తెరిచినానో, మాట రాలా. నేను చెప్తే మొహం చూసి పట్టేస్తాది. నువ్వు చెప్పు నాయనా. కాసేపు తిప్పి, చెప్పు."

అద్దాల గది తలుపు తెరుచుకుంది. "గిద్యోనూ, ఏంటక్కడ?"

"టెస్ట్ రైడ్ మేడం" అన్నాడు గిద్యోను. ఉద్యోగం పోతే పోయిందిలే అనుకున్నాడు. సమాధానాన్ని అక్కడే ఉండమని, తాళం తీసుకుని తనే బండెక్కాడు.

దారిలో ప్రతి గుంటకూ బ్రేకు మీదికి కాలు పోయింది. అంత మెల్లగా బండి నడపడం అతనికి అదే మొదలు.

"ఎట్టుందమ్మా సీటు?"

"మెత్తగుండాది. గుంటలో దిగినా నడుములోకి రాలా. ఎదురు షాపోళ్ళ బండి ఇంత సుఖం లేదు నాయనా. కన్యాకుమారి దాకా పోతే వెనక కూర్చున్నోళ్ళకు నొప్పులు రావా?"

"రావమ్మా. మధ్యలో ఆగి ఆగి పోవచ్చు."

"ఐతే ఇదే తీసుకోమంటా."

గిద్యోనుకు కళ్ళు మసకబారాయి. ఆసుపత్రి మలుపు వచ్చేసింది. బండి పక్కకు ఆపి, జేబులో ఫోన్ తీసి చూసినట్టు నటించాడు. బండ్లు అమ్మడానికి రోజూ ఎన్ని అబద్ధాలాడుతాడో లెక్కే లేదు, ఈ ఒక్కటి మాత్రం ముందు మనసులో రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు.

"అమ్మా, ఆసుపత్రి నుంచి మెసేజి వచ్చింది. మిషను రిపేరొచ్చిందంట. బాగయ్యాక వాళ్ళే పిలుస్తారంట."

తిరిగి చూసే ధైర్యం అతనికి లేకపోయింది. ఉబ్బిన చెయ్యి ఒకటి వచ్చి అతని భుజం నిమిరింది.

"ఆయనే చెప్పమన్నాడా?"

గిద్యోను తల వంచుకున్నాడు.

"సరే, బండి తిప్పు" అంది రెబెక్కమ్మ. "నేను నమ్మినాననే చెప్పు నాయనా, ఆయనకు."