పక్కింటి చదువు

టోటోనికపాన్ అనే ఊళ్లో సాయంత్రమైతే చాలు, నొయెమీ తన ఇద్దరు పసిపిల్లల్నీ కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని పైకి చదివేది. ముందొక బొమ్మల కథ, తర్వాత బైబిల్ వాక్యం.

పక్కింట్లో మొక్కజొన్న తమాలెలు ఉడికించి అమ్ముకునే ముసలావిడ డోన్యా ఎలీహియాకు అదంటే ఒళ్లుమంట.

"పాలపళ్లు ఊడని పిల్లలకు వాక్యమంట. నిన్నటి ఎలుగుబంటి కథే మళ్లీ ఇవాళానా? వాక్యంలో ఆ రాజు పేరుకి నీ నోరే తిరగదు, నువ్వు పిల్లలకు చెప్పేదేంటి?" అని వీధంతా వినేలా దెప్పేది. వీధిలోవాళ్లు నవ్వేవాళ్లు.

ఒకరోజు పెద్దపిల్ల, "అమ్మా, మనం తప్పు చదువుతున్నామా?" అని అడిగింది. నొయెమీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మర్నాటి నుంచి కిటికీ మూసేసి, లోపలి గదిలో గొంతు తగ్గించి చదవసాగింది.

వారం తిరక్కుండానే ఎవరో తలుపు బాదారు. తీసి చూస్తే డోన్యా ఎలీహియా, చేతిలో పొగలు కక్కే తమాలెల గిన్నె.

"ఏమే, మీ దేవుడి మాటలు నా చెవిన పడితే అరిగిపోతాయా? దొంగసొత్తు పంచుకుంటున్నట్టు ఆ గుసగుసలేంటి?"

"మీకు ఇబ్బందని..." అంది నొయెమీ.

"ఇబ్బందని నేనన్నానా? నీకు చదవడం రాదన్నాను."

ముసలామె పిల్లల పక్కన చాప మీద చతికిలబడి, గిన్నె వాళ్ల ముందుకు తోసింది. ఎటో చూస్తూ అడిగింది.

"కిటికీ మూసే ముందు రోజు చదివావే, ఆ కుర్రాణ్ణి సొంత అన్నలే గోతిలో పడేశారు కదా. ఎవరైనా పైకి తీశారా, లేదా? అప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు."