చూసింది నేనే

ప్రేమలీల స్పృహ తప్పి పడిపోయిన మర్నాడు కూడా రొయ్యల ప్లాంటులో వెనక తలుపుకు తాళం అలాగే ఉంది.

ఇందుకూరుపేట దగ్గరి ఆ ప్లాంటులో రొయ్యల పొట్టు తీసే షెడ్డుకు రెండు తలుపులు. షిఫ్టు నడుస్తున్నంతసేపూ వెనక తలుపుకు బయటి నుంచి తాళం వేస్తారు. ఆడవాళ్లు మధ్యలో వెళ్ళిపోకుండా.

ఆ రోజు ముందు తలుపు దగ్గరి కూలింగ్ గొట్టంలోంచి అమ్మోనియా గ్యాస్ లీకైంది. లోపలున్నవాళ్లు వెనక తలుపు బాదారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసేసరికి ప్రేమలీల నేల మీద ఉంది.

అందరూ ఎండదెబ్బ అని చెప్పాలన్నాడు మేనేజరు కిషోర్.

ఆఫీసులో హాజరు ఎక్కించే రెజీనాకు ఆ మాట మింగుడు పడలేదు. ప్రేమలీల ఆమె వీధి మనిషి. చర్చిలో ఆమె పక్కనే కూర్చుంటుంది.

ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చి రావాలి. సాయంత్రం దాకా ఆగలేక, అందరూ అన్నానికి లేచాక రెజీనా తన కంప్యూటర్లో ఇన్‌కాగ్నిటో తెరిచింది. ఆ నల్లటి కిటికీలో ఏం చూసినా ఎవరికీ తెలియదని తమ్ముడు చెప్పాడు. ఇలాంటి తాళాల మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో వెతికి చదువుకుంటూ కూర్చుంది.

వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగింది.

ఫ్రెడ్డీ. కంప్యూటర్లు చూసుకోవడానికి చిల్లకూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. ఎవరితోనూ కలవడు. మాటిమాటికీ మేనేజరు గదిలోకి వెళ్తుంటాడు కాబట్టి, మేనేజరు మనిషేనని అందరి అనుమానం.

"అక్కా, అది మూసేస్తే ఈ కంప్యూటర్లో గుర్తులుండవు, అంతే," అన్నాడు మెల్లగా. "మనది కంపెనీ నెట్టు గదా. ఏ మిషన్లోనుంచి ఏ సైటుకు పోయినారో పైన పడతానే ఉంటాది."

రెజీనాకు అది బెదిరింపులా వినిపించింది.

"పడనీ. పోయి చెప్పుకో."

అతను ఏదో అనబోయి, ఊరుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే కిషోర్ అందర్నీ హాల్లోకి పిలిపించాడు. షెడ్డు ఆడవాళ్లు గ్లవ్స్ కూడా తీయకుండా వచ్చి నిలబడ్డారు. కంపెనీ నెట్ వాడుకుని కంపెనీ మీదే ఫిర్యాదుకు దారులు వెతికారని, ఆ సైట్ల పేర్లన్నీ తన దగ్గరున్నాయని చెప్పాడు. చేసినవాళ్లు ఒప్పుకోకపోతే ఆఫీసులో ఒక్కరినీ ఉంచనన్నాడు.

గోడవారగా ఫ్రెడ్డీ తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

రెజీనా ముందుకు వచ్చింది.

"చూసింది నేనే సార్. దొంగతనంగా చూసినా. అదొక్కటే నా తప్పు. ఇంక దాచను. ఆ తాళం తీసేదాకా అడగతానే ఉంటా."

ఇక పనిలోకి రావద్దన్నాడు కిషోర్.

పోతూ పోతూ ఆమె ఫ్రెడ్డీ ముందు ఆగింది.

"ప్రేమలీలక్కది మీ అమ్మ ఈడు. ఆమెకు ఊపిరాడకపోతే నీకేం పట్టలా. నా పేరు మాత్రం పోయి చెప్పొచ్చినావు."

షెడ్డు ఆడవాళ్లు అతన్ని పురుగును చూసినట్టు చూసి పక్కకు జరిగారు.

రెజీనా గేటు దగ్గర ఫోన్ తీసుకుని, రోడ్డు మీదే నిలబడి ఫిర్యాదు పంపింది. పేరు చెప్పకుండా కూడా పంపవచ్చని ఆ సైటులో ఉంది. ఆమె తన పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ ఇచ్చింది.

అధికారులు వచ్చారు. షెడ్డు ఆడవాళ్లు ఈసారి ఎండదెబ్బ అనలేదు. ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పారు. వెనక తలుపుకు తాళమే కాదు, గొళ్ళెం కూడా ఊడదీయించారు.

రెజీనాను మళ్ళీ పనిలో చేరమని కబురొచ్చింది. వెళ్ళగొట్టిన హాల్లోనే, అందరి ముందూ పిలిస్తే వస్తానంది. పిలిచారు.

ప్రేమలీల కోలుకుని ఇంటికొచ్చాక ఒక ఆదివారం అందరూ ఆమెను చూడటానికి వెళ్ళారు. మేనేజరు గది బయట కూర్చుని పనిచేసే కామాక్షమ్మ కూడా వచ్చింది.

మాటల్లో ఫ్రెడ్డీ ప్రస్తావన వచ్చింది. ఆ రోజు తర్వాత అతను కనబడలేదని, ఫోన్ కూడా కలవడం లేదని ఎవరో అన్నారు. సార్ ఎక్కడో మంచి చోటే పెట్టించి ఉంటాడని రెజీనా ఎగతాళిగా నవ్వింది.

కామాక్షమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"సైట్ల పేర్లయితే సార్‌కు వస్తాయి. ఏ మిషనో ఫ్రెడ్డీ తీసిస్తేనే తెలిసేది. తెలిసుంటే మనందర్నీ హాల్లోకి పిలిచి ఎందుకు అడగతాడమ్మా?"

రెజీనా నవ్వు ఆగిపోయింది.

ఇన్నాళ్లూ భయపడి నోరు మెదపలేదని కామాక్షమ్మ అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఆ రోజు పొద్దున గదిలో సార్ ఎంత అరిచినా ఆ పిల్లోడు నోరు విప్పలా. నువ్వు హాల్లో నిలదీసేటప్పటికే, నీ పేరు చెప్పనన్నందుకు వాడి ఉద్యోగం పోయుండాది."