ఇద్దర్ని లాగని బండి

"ఇది ఇద్దర్ని లాగుతుందా?" అని ఆమె అడగ్గానే మెకానిక్ ముఖం వెలిగిపోయింది.

"ఇద్దరేంటమ్మా, ముగ్గురెక్కినా మూలగదు. చవకలో ఇలాంటి స్కూటర్ మళ్లీ దొరకదు."

"అయితే వద్దు."

కిక్ రాడ్ మీద పెట్టిన కాలు అలాగే ఉండిపోయింది మెకానిక్‌కి. పదిహేనేళ్లుగా కొండ దిగువన ఈ షెడ్డులో పాత బళ్లు అమ్ముతున్నాడు. లాగదేమోనని వదిలేసిన వాళ్లని చాలామందిని చూశాడు. లాగుతుందని వదిలేసిన మనిషిని చూడటం ఇదే మొదలు.

"దాని మాటలు పట్టించుకోకు నాయనా," అంది స్టూలు మీద కూర్చున్న ఆమె తల్లి. "నువ్వు గట్టి బండే చూపించు."

కూతురు కొండ మీది ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు. అందులో సగం నిట్టనిలువు ఎత్తు. ఏడు నెలలుగా నడిచే వెళ్తోంది. మోకాళ్లు వాచిపోయి రాత్రిళ్లు మూలుగుతుంటే, చూడలేక ఈ ఉదయం తల్లే రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

మోకాళ్ల సంగతే తల్లికి తెలుసు. ఎత్తు ఎక్కుతుంటే వెనక వినిపించే చెప్పుల చప్పుడు సంగతి తెలియదు. ఆమె ఆగితే అదీ ఆగుతుంది. నడిస్తే మళ్లీ మొదలవుతుంది. వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ రోడ్డు.

"ఇంతకుముందు బండి లేదామ్మా?" అన్నాడు మెకానిక్.

తల్లే చెప్పింది. "ఉండేది, పాడు బండి. మా చిన్నది కూడా ఆ ఆసుపత్రిలోనే నర్సు. అక్కాచెల్లెళ్లిద్దరూ దాని మీదే వెళ్లేవాళ్లు. ఆ రోజు మలుపు దగ్గర అది ఇద్దర్నీ లాగలేక చతికిలబడింది. చిన్నది దిగి నడుస్తోంది. పైన లోడు లారీ వెనక్కి జారింది..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వారం తిరక్కుండా ఆ బండిని ఇది పాత ఇనుముకి వేసేసింది."

మెకానిక్ చేతిలోని గుడ్డ మడతపెట్టాడు.

"ఏ బండమ్మా అది? ఏ కంపెనీ?"

"గుర్తులేదు," అంది కూతురు చప్పున.

"ఒక్కసారి నా దగ్గరికి తెచ్చుంటే, గంటలో..."

"గుర్తులేదన్నాను కదా!"

తల్లి పట్టుపట్టింది. ఆ స్కూటర్ మీదే, తనని వెనక కూర్చోబెట్టుకుని కొండ ఎక్కి చూపించాల్సిందేనంది. కాదనలేకపోయింది ఆమె.

స్కూటర్ అవలీలగా ఎక్కింది. మలుపు దగ్గరికి రాగానే తల్లి చెయ్యి ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఆమె అద్దంలోకి చూసింది. అద్దంలో తల్లి చెంప, దాని వెనక రోడ్డు. చెయ్యి చాచి అద్దాన్ని పక్కకి తిప్పేసింది.

కిందికి వచ్చాక తల్లి కళ్లు తుడుచుకుంటూ, "చూశావుటే, ఆయాసపడనైనా పడలేదు. ఆ రోజు ఇలాంటి బండి ఉండుంటే..." అంది.

ఆమె షెడ్డు గోడకి ఆనుకుని నిలబడింది.

కాస్త తేరుకున్నాక మూలనున్న మోపెడ్ వైపు వేలు చూపించింది. రంగు వెలిసి, సీటు పగిలి, దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"అదా? దాని ఊపిరి ఎప్పుడో అయిపోయిందమ్మా. ఊళ్లో కూరగాయలకి పనికొస్తుంది, కొండకి కాదు."

"మీరు వెనక కూర్చోండి. చూద్దాం."

మోపెడ్ దగ్గుకుంటూ బయల్దేరింది. సగం ఎత్తు ఎక్కేసరికి రొప్పడం మొదలెట్టింది. సరిగ్గా మలుపు దగ్గర గుడగుడమని ఆగిపోయింది.

మెకానిక్ దూకేశాడు. "మీరు పదండి. ఒక్కరినైతే ఎలాగో ఎక్కిస్తుంది."

ఆమె కదల్లేదు. "ఎక్కండి. ఇంకోసారి."

రెండోసారీ ఆగింది. మూడోసారీ ఆగింది.

"కార్బురేటర్ శుభ్రం చేస్తే ఏమన్నా..."

"ఏమీ చెయ్యకండి!" అని గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. వెంటనే వదిలేసింది. "నేను ఎంత ప్రయత్నించినా ఇద్దరితో ఎక్కదు. అంతే కదా?"

"మీరే కాదమ్మా, ఎవరు నడిపినా ఎక్కదు. ఒకరు దిగాల్సిందే."

"మళ్లీ చెప్పండి."

అతను తలెత్తి ఆమెని చూశాడు. ఎండ నెత్తి మీద చురుక్కుమంటున్నా ఆమె పెదాలు వణుకుతున్నాయి.

"ఒకరు దిగాల్సిందేనమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె కళ్లు మూసుకుని, చాలా రోజుల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

మోపెడ్ తోసుకుంటూ షెడ్డుకి తిరిగొచ్చేసరికి తల్లికి సంగతి అర్థమైపోయింది. "మళ్లీ అలాంటి దాన్నే కొంటావుటే? నీకేమన్నా మతి పోయిందా?" అని గొంతు పెంచబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయింది. దగ్గరికి తీసుకుంది. నుదుటి మీద చెమట కొంగుతో అద్దింది.

"ఎన్నాళ్లే ఇలా కుమిలిపోతావు? నీ తప్పేముంది తల్లీ. బండి లాగకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

ఆ రోజు అక్కాచెల్లెళ్ల మధ్య మాటా మాటా పెరిగి, "బండి ఇద్దర్నీ లాగట్లేదు, దిగి నడిచి రా" అంటూ ఆమె చెల్లెల్ని మలుపులో దింపేసినప్పుడు, ఆ బండి నిక్షేపంగా లాగుతూనే ఉంది.