వినపడకూడని పేరు

"ఫువాద్ పేరు కూడా చదవండి గురువుగారూ. కానీ మేడ మీదికి వినపడకూడదు," అన్నాడు గుర్జీ.

గురువు యమీన్ ప్రార్థన పుస్తకం మూసి అతనివైపు చూశాడు. యూదులు పాపక్షమాపణ కోరుకునే కిప్పూర్ ఉపవాసం రోజది. పొద్దుటి ప్రార్థనలు అయిపోయాయి, ఇక పోయినవాళ్ళ పేర్లు చదవాలి. బాగ్దాద్‌లో మిగిలిన యూదులంతా వచ్చినా, వాళ్ళ ప్రార్థన మందిరమైన సినగాగులో సగం బల్లలు ఖాళీగానే ఉన్నాయి. మేడ మీద, చెక్క జాలీ వెనక ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో గుర్జీ భార్య తుఫాహా ఉంది.

"మీ అబ్బాయి జైల్లో ఉన్నాడు కదా?" అన్నాడు గురువు మెల్లగా.

"లేడు," అన్నాడు గుర్జీ. రాత్రి నుంచి నీళ్ళు తగలని గొంతు ఆ ఒక్క మాటకే గీరుకుపోయింది.

జైలు నుంచి బయటపడ్డ ఒకతను ఈ ఎండాకాలంలో బజారులో పక్కకి పిలిచి చెప్పాడు. మూడేళ్ళ కిందట ఫువాద్‌ని తీసుకెళ్ళిన ఆ మొదటి చలికాలంలోనే, దగ్గుతో రక్తం కక్కుకుని పోయాడట. శవాన్ని ఇవ్వలేదు. కబురైనా చెయ్యలేదు. ప్రతి శుక్రవారం జైలు గేటు దగ్గర కాపలావాళ్ళు మాత్రం వాడి క్యారేజీ తీసుకుంటూనే ఉన్నారు.

"ఈ ఎండాకాలంలోనా తెలిసింది నీకు?"

"అవును."

గురువు ఏదో అనబోయి ఆగాడు. తుఫాహాకి చెప్పెయ్యమన్నాడు. ఇద్దరూ కలిసి ఏడవాల్సిన ఏడుపు ఒక్కడే ఏడవకూడదన్నాడు.

"చెబితే ఆవిడ కూడా నాకు దక్కదు. శుక్రవారం వాడికి క్యారేజీ కట్టాలి కాబట్టి లేస్తోంది. మిగతా రోజులు గోడవైపు తిరిగి పడుకునే ఉంటుంది. ఆ క్యారేజీ నేను నది ఒడ్డున పడవవాళ్ళకి పెట్టేసి, కడిగి తెస్తున్నాను. అంతా తిన్నాడా అని అడుగుతుంది. తిన్నాడు, ఉప్పు కాస్త తగ్గిందన్నాడు అంటాను. ఎప్పుడూ బాగుందనే చెబితే నమ్మదు కదా."

గురువు తల వంచుకున్నాడు.

"వాడికి సమాధి లేదు," అన్నాడు గుర్జీ. "ఇంట్లో దీపం పెడదామంటే ఆవిడ చూస్తుంది. ఈ ఒక్క రోజైనా దేవుడి ముందు వాడి పేరు ఎవరో ఒకరు పలకాలి గురువుగారూ."

పేర్లు గొణగడం కుదరదన్నాడు గురువు. అందరూ విని ఆమెన్ అనాలి. అయితే ఆ కాసేపూ భార్యని బయటికి తీసుకెళ్తానన్నాడు గుర్జీ.

"అప్పుడు నీకూ వినపడదు."

"నేను వినకపోయినా పర్లేదు."

సరేనని గురువు పేర్ల కాగితం అందుకున్నాడు.

మెట్ల దగ్గరున్న ముసలావిడతో గుర్జీ పైకి కబురు పంపాడు. తెల్ల బట్టల్లో, గోడ పట్టుకుంటూ తుఫాహా దిగి వచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయా అని కంగారుగా అడిగింది. తనకేం కాలేదనీ, పొద్దున్నే ఆమె మొహం వాడిపోయి కనిపించిందనీ, కాసేపు గాలికి కూర్చోమనీ అన్నాడు. ముంగిట్లో నీడపట్టున అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. తుఫాహా చేతిలో లవంగాలు గుచ్చిన నిమ్మకాయ ఉంది. దాన్ని అతని ముక్కు దగ్గర పెట్టి, వాసన చూస్తే ఓపిక వస్తుందంది.

లోపల గురువు గొంతు లేచింది.

గుర్జీ గబగబా మాటలు అందుకున్నాడు. వానలు పడేలోగా డాబా మీద పగుళ్ళు పూడ్పించాలన్నాడు. పక్కింటివాళ్ళ కోడిపుంజు తెల్లవారకముందే కూసి చంపుతోందన్నాడు. ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియడం లేదు, ఆగకుండా ఉంటే చాలు. తుఫాహా కూడా ఎన్నడూ లేనిది గట్టిగా జవాబులు చెప్పింది.

"ఈ శుక్రవారం ఉల్లిపాయల్లో బియ్యం కూరి వండుతాను. వాడికి ఇష్టం. ఉప్పు మాత్రం మీరే చూడాలి."

"చూస్తాలే," అన్నాడు గుర్జీ. ఆవిడ గొంతులో అంత హుషారు విని, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

లోపలి నుంచి ఆమెన్ వినపడింది. కాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. వాటిలో తన కొడుక్కి చెప్పింది ఏదో అతనికి తెలియలేదు.

చీకటి పడ్డాక, ఉపవాసం ముగిసిందని కొమ్ము ఊదారు. జనం ముంగిట్లోకి వచ్చి, ఒకరికొకరు బాదంపాల గ్లాసులు అందించుకుంటున్నారు. తుఫాహా ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉంది. గుర్జీ లోపలికి వెళ్ళి, గురువు చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకున్నాడు. వదిలించుకోబోతే గురువు వదల్లేదు.

"నన్ను క్షమించు గుర్జీ. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. కానీ ఇంత ఉపవాసం చేసి, ఇది కడుపులో పెట్టుకుని ఇంటికి పోలేను."

"చదవలేదా?" అన్నాడు గుర్జీ.

"చదివాను. పోయిన కిప్పూర్‌కీ చదివాను, తుఫాహా వచ్చి అడిగితే. నీకు వినపడకూడదని ఆ రోజు నిన్ను బయట కూర్చోబెట్టింది ఆవిడే."