తోమా కొత్త గొంతు

బస్సు నిజామాబాద్ దాటకముందే దీక్షిత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చూడగానే పక్కనున్న శిరీష చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వచ్చిందే. నాలుగో సీజన్, మొదటి ఎపిసోడ్. తెలుగుల."

"ఇంటికి పోయినంక చూద్దాం."

"ఇంటిదాక ఎవరు ఆగుతరే?"

'ఏడు గాలుల కోట' జపాన్ వాళ్ల యానిమే, తెలుగులోకి డబ్బింగై వచ్చే బొమ్మల సీరియల్. ఏడో తరగతి నుంచీ దీక్షితకు అదంటే ప్రాణం. తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ కోటలు దాటే తోమా, ఆమెకు సొంత తమ్ముడితో సమానం. కొత్త సీజన్ వచ్చిందంటే మొదటి ఎపిసోడ్ ఎట్లుందో అందరికంటే ముందు తన యూట్యూబ్ చానల్‌లో చెప్పాలి. అదీ ఆమె పంతం.

ఇద్దరూ చెరో ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నారు.

అదే సీట్లో కిటికీ పక్కన ఒకామె కూర్చుని ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. మెడచుట్టూ స్కార్ఫ్. ఫోన్‌లో బొమ్మ చూసి ఇటు జరిగింది.

"బిడ్డా, సప్పుడు బయటికి పెట్టరాదు. నేను గూడ వింట."

మాట గుసగుసలా వచ్చింది, బొంగురుగా.

దీక్షిత ముఖం చిట్లించింది. "మధ్యల నుంచి అర్థం గాదక్కా. ముందు మూడు సీజన్లు చూడాలె."

"ఫరవాలేదు. వింటె సాలు."

శిరీషకు జాలేసింది. "జలుబు చేసిందా అక్కా?" అని బ్యాగులోంచి విక్స్ గోలీ తీసిచ్చింది. ఆమె నవ్వి తీసుకుంది. ఇయర్‌ఫోన్లు బ్యాగులోకి పోయాయి.

కోట తలుపులు తెరుచుకున్నాయి. మంచులోంచి తోమా నడిచి వచ్చాడు. నోరు విప్పాడు.

దీక్షిత ఉలిక్కిపడింది. "గొంతు మారింది."

"అవునే. మన తోమా గాదు ఈడు."

"ఖరాబు చేసిండ్రు."

కిటికీ పక్కనామె వాళ్ల వైపు చూసింది. తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుంది.

ఇంతలో కోట మీద గాలిరాకాసి లేచింది. వంతెన తెగింది. తోమా ఒంటిచేత్తో తాడు పట్టుకుని వేలాడుతున్నాడు.

"పడ్తడే," శిరీష ముందు సీటు కమ్మీ పట్టుకుంది.

"పడడు. ఆగు."

తోమా గాలినే మెట్లుగా చేసుకుని పైకి పరుగెత్తాడు. అట్లాంటి రంగులు, అంత వేగం ఏ సీజన్‌లోనూ లేవు. ముందు సీటు ముసలాయన కూడా వెనక్కి తిరిగి చూడసాగాడు. చెరుకు ట్రాక్టర్ అడ్డం వచ్చి బస్సు నెమ్మదిస్తే అందరూ విసుక్కున్నారు. వీళ్లిద్దరే సంతోషించారు.

చివర్లో కోట గదిలో తోమాకు తల్లి దువ్వెన దొరికింది. దాంట్లో ఒక పొడుగాటి వెంట్రుక. వాడు ఏడ్చాడు. మాట లేదు, ఊపిరి తెగుతూ, అతుక్కుంటూ.

ఇద్దరి కళ్ళలోనూ నీళ్లు తిరిగాయి.

"వింట అన్నామె నిద్రపోయింది సూడు," అంది శిరీష చిన్నగా నవ్వి.

దీక్షిత అప్పుడే ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో మొదలుపెట్టింది.

"దోస్తులూ, ఎపిసోడ్ ఇప్పుడే అయింది. ఇంకా బస్సులనే ఉన్నం. ఫైటింగ్ మాటలల్ల చెప్పలేను, చూడాలె. తోమా గొంతు మారింది. ముందుగాల మస్తు కోపమొచ్చింది. పాతాయనకు పేరొచ్చినంక పొగరెక్కి మానేసిండంట. పోనియ్యి. ఈ కొత్తాయన చివర్ల ఏడ్సిండు సూడుండ్రి, నాకైతే పాత గొంతు యాదికే రాలే."

బస్సు ఎడపల్లి దాటింది. దీక్షిత వీడియోను చానల్‌లోకి ఎక్కించేసింది.

"పొగరు గాదేమో బిడ్డా," కిటికీ పక్కనామె కళ్ళు తెరిచి అంది.

"అందరు గట్లనే అంటుండ్రు అక్కా."

ఆమె ఇటు తిరిగింది. "ఆ ఏడుపు నిజంగనే మంచిగుందా?"

"మంచిగనా? నా పానం గుంజుకపోయిందక్కా."

"పాత గొంతు నిజంగ యాదికి రాలే?"

"అస్సలు రాలే."

ఆమె ముఖం విప్పారింది. ఎవరో తన బిడ్డను మెచ్చుకున్నట్టు దీక్షిత చెయ్యి పట్టుకుని నొక్కింది.

"శానా మంచి మాట జెప్పినవ్."

బోధన్ బస్టాండ్ వచ్చింది. అమ్మాయిలిద్దరూ దిగారు. "రెండోది వచ్చే శుక్రవారం వస్తది అక్కా," అని కింద నుంచి చెప్పింది దీక్షిత. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. బస్సు కోటగిరి వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం శిరీష ఇంట్లో ఇద్దరూ చాయ్ తాగుతుంటే దీక్షిత ఫోన్ మోగింది. తెలియని నంబరు. స్పీకర్ పెట్టి ఎత్తింది.

"దీక్షితక్కా, నేను తోమాను," అంది అవతలి గొంతు.

అదే గొంతు. దీక్షిత లేచి నిలబడింది. శిరీష చాయ్ ఒలకబోసుకుంది.

"భయపడకండి, నా పేరు అమూల్య. మీ నంబరు చానల్‌లో దొరికింది."

"తోమా గొంతు ఆడపిల్లదా?"

"ఎప్పుడూ అంతే. మగపిల్లల గొంతులు ఎక్కువగా ఆడవాళ్లమే చెబుతాం." అమూల్య నవ్వింది. మరుక్షణం గొంతు తగ్గించింది. "మీ వీడియో చూశాను. ఒకటి అడగాలి. ఎపిసోడ్ అయ్యాక ఆవిడ ఏమైనా అన్నదా?"

"ఎవరు?"

"మీ పక్కన, కిటికీ దగ్గర కూర్చున్నావిడ. మా సువర్ణక్క. స్టూడియోలో వినమంటే వద్దంది. తోమా అంటే ప్రాణమిచ్చే పిల్లల పక్కన కూర్చుని వింటానంది. బస్సులోనే మీరు దొరికారన్నమాట."

దీక్షిత, ఆమె పట్టుకుని నొక్కిన తన చెయ్యి చూసుకుంది.

"ఆ ఏడుపు నాకు ఎంతకీ రాలేదక్కా. నా వీపు మీద చెయ్యి పెట్టి, ఊపిరి ఎక్కడ తెంచాలో తట్టి తట్టి నేర్పింది. గొంతులో గడ్డ తీసేయకముందు, మూడు సీజన్లూ తోమా ఆమే."