మూడో కోట

కోట గుమ్మం ముందు వీల్‌చెయిర్ సిద్ధంగా ఉంది. దాని వెనక తెల్లాయన ఒకడు నిలబడి ఉన్నాడు.

రఘువీర్‌కి ప్రాణం లేచొచ్చింది.

గడిచిన రెండు శనివారాలు తల్లిని రెండు కోటలకు తీసుకెళ్లాడు. ఒకచోట మెట్లు, ఇంకోచోట గులకరాళ్లు. ఇంగ్లండులో తాముండే బేసింగ్‌స్టోక్ నుంచి పడుతూ లేస్తూ అంత దూరం వెళ్లి రాజేశ్వరమ్మకు చూపించగలిగింది రెండు కెఫేలు, రెండు టాయిలెట్లు. బుధవారం ఆవిడ హైదరాబాద్ ఫ్లైటు. ఆ మోకాళ్లతో మళ్లీ వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఒక్క కోటైనా పైదాకా ఎక్కి చూడాలని ఆవిడ ఆశ.

అందుకే ఈసారి ముందే ఫోన్ చేసి వీల్‌చెయిర్ బుక్ చేశాడు. టికెట్లు ఆన్‌లైన్లో కొన్నాడు. వీల్‌చెయిర్ అడిగితే తోసే మనిషి కూడా వస్తాడన్నది శంషాబాద్ ఎయిర్‌పోర్టు నేర్పిన పాఠం.

"సారీ, లేటయింది," అన్నాడు తెల్లాయనతో.

ఆయనకు డెబ్బై ఏళ్లుంటాయి. ఏమీ అర్థం కానట్టు చూశాడు.

ఈలోగా రాజేశ్వరమ్మ కుర్చీలో కూర్చోనే కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, "పా బిడ్డా, పోదాం," అంది.

ఆయన చేతులు హ్యాండిల్స్ మీదే ఉండిపోయాయి. ఆవిడ తలనే చూస్తూ కాసేపు కదల్లేదు.

"వెళ్దామా?" అన్నాడు రఘువీర్, కాస్త గట్టిగా.

"వెళ్దాం," అన్నాడాయన చివరికి.

పన్నెండేళ్ల రిషిత తండ్రి చొక్కా లాగింది. "డాడ్, హి హాజ్‌న్ట్ గాట్ ఎ బ్యాడ్జ్."

"వాలంటీర్ అయ్యుంటడులే."

లోపలికి వెళ్లగానే దారి మూడుగా చీలింది.

"పైకి వెళ్లే ర్యాంప్ ఎటు?"

"చూడాలి," అని ఆయన జేబులోంచి మ్యాప్ తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. నిండా పెన్సిల్ గుర్తులే.

రఘువీర్‌కి తల తిరిగింది. కోటలో పని చేస్తూ కోట దారి తెలియకపోవడమేమిటి?

"ఇక్కడ కొత్తగా చేరారా?"

"ఎక్కడ?"

"పోనీ, మీ షిఫ్ట్ ఎన్నింటిదాకా?"

"షిఫ్టా?" అని ఆయనే ఎదురు ప్రశ్న వేశాడు.

ఎవరు ఎవరిని అడుగుతున్నారో రఘువీర్‌కి అంతుబట్టలేదు.

రాజేశ్వరమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. దారి పొడవునా వెనక్కి తిరిగి ఆయనతో తెలుగులో కబుర్లు చెబుతూనే ఉంది.

"మా ఆయన ఉంటే గీ గోడలు జూసి మస్తు సంబురపడేటోడు."

ఆయన ఇంగ్లీషులో ఏదో బదులిచ్చాడు. ఆవిడ "అవు, అవు," అంది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాకపోయినా కబుర్లకు ఏ లోటూ రాలేదు.

ర్యాంప్ బాగా ఏటవాలుగా ఉంది. ఆయనకు ఆయాసం ఎక్కువైంది. రఘువీర్ చెయ్యి వేయబోయాడు.

"వద్దు. నేనే తొయ్యాలి."

"పర్లేదు, మా అమ్మేగా."

"ప్లీజ్," అన్నాడాయన.

బతిమాలి మరీ బరువు మోసే మనిషిని రఘువీర్ అంతకు ముందెన్నడూ చూడలేదు. దారి వదిలాడు.

పైకి చేరేసరికి ఎదురుగా సముద్రం. ఆయన కుర్చీని గోడ దగ్గరగా ఆపి, బ్రేక్ వేసి, వంగి మెల్లగా అన్నాడు.

"చెప్పానుగా, తీసుకొస్తానని."

రఘువీర్, రిషిత ముఖముఖాలు చూసుకున్నారు. ఎప్పుడు చెప్పాడు?

రాజేశ్వరమ్మ సముద్రానికి చేతులు జోడించింది. "సాలు బిడ్డా. కండ్లనిండ జూసిన."

ఆ మాటతో రఘువీర్ కడుపు నిండిపోయింది. మూడు శనివారాల అలసట ఎటు పోయిందో తెలియలేదు.

అంతలో ఆవిడ గొంతు తగ్గించింది. "గీయన ఏడుస్తుండురా."

"గాలికి కండ్ల నీళ్లొస్తయమ్మా."

"గాలో ఏడుపో నాకు తెల్వదా?"

రఘువీర్‌కి అడగాలనిపించింది. ఈలోగానే ఆయన బ్రేక్ తీసి కుర్చీని ర్యాంప్ వైపు తిప్పాడు.

కిందికి దిగాక తల్లిని కార్లో కూర్చోబెట్టాడు. రాజేశ్వరమ్మ ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

"కుర్చీ లోపల అప్పజెప్పేయండి," అని పురమాయించాడు రఘువీర్.

ఆయన ఖాళీ కుర్చీని ఒకసారి చూసుకుని, "థాంక్యూ," అన్నాడు.

అది తను చెప్పాల్సిన మాట కదా అని రఘువీర్‌కి తట్టేసరికి ఆయన వెళ్లిపోతున్నాడు.

తల్లి దగ్గర రిషితను ఉంచి రఘువీర్ టికెట్ కౌంటర్‌కి వెళ్లాడు. పెద్దగా ఫిర్యాదేమీ కాదు, ఒక సలహా.

"మీరు పంపిన మనిషి మంచివాడే. కాస్త దారులు నేర్పించి పంపితే బాగుంటుంది."

కౌంటర్లో అమ్మాయి అయోమయంగా చూసింది. "తోసే మనుషులు మా దగ్గర ఎవరూ లేరండి. మీ పేరు?"

చెప్పాడు.

ఆమె మూలకు చెయ్యి చూపించింది. అక్కడ మడిచిపెట్టిన వీల్‌చెయిర్. దాని మీద చీటీ. చీటీ మీద రఘువీర్ పేరు.

"మీరు రాలేదేమో అనుకున్నాం."

"మరి ఆ తెల్లాయన? వీల్‌చెయిర్‌తో గుమ్మం దగ్గరున్నాడే, పెద్దాయన!"

ఆ అమ్మాయి కిటికీలోంచి చూసింది. రఘువీర్ కూడా చూశాడు. గేటు దాటుతున్న పాత నీలం కారు వెనక అద్దంలో, మడిచిన కుర్చీ చక్రం ఒకటి కనబడింది.

పరుగెత్తబోయాడు. కారు మలుపు తిరిగిపోయింది.

"ఆయన పొద్దున రెండు టికెట్లు కొన్నారండి," అంది ఆమె నెమ్మదిగా, "కోట పైకి తీసుకెళ్తానని భార్యకు మాటిచ్చారట, ఆవిడేమో పోయిన నెలే పోయారు, కనీసం ఆవిడ కుర్చీనైనా ఒక్కసారి పైదాకా తోసుకెళ్లనివ్వమని మమ్మల్ని అడిగారు."