జాస్మిన్ అనుమతి

ఆ రోజు ఇంట్లో ముగ్గురే ఉన్నారు. లాప్‌టాప్ ముందు షైని. ఆమె వెనక నిలబడలేక, కూర్చోలేక తిరుగుతున్న నాయిన జాన్సన్. గడప దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అవ్వ ఎలీషమ్మ. అమ్మ కుత్బుల్లాపూర్‌లో డ్యూటీకి పోయింది. అక్క జాస్మిన్ ఆ ఇంటి లెక్కలో లేక ఏడాది దాటింది.

"ఇంకా పోలేదా అది?" అన్నాడు జాన్సన్.

"పోతలేదు నాయినా."

పొద్దున చర్చిలో జాన్సన్ తీసిన పెళ్లి వీడియో అంతా కెమెరా కార్డుల్లో ఉంది. దాన్ని హార్డ్‌డిస్కులోకి ఎక్కించి కార్డులు ఖాళీ చేస్తేనే సాయంత్రం రిసెప్షన్ తీయగలడు. డిస్కులో చోటు లేదు. ఉన్నవన్నీ ఇంకా ఆల్బమ్ ఇవ్వాల్సిన వాళ్ల పెళ్లిళ్లు. తీసేయగలిగింది ఒక్కటే, 'జాస్మిన్' అనే పెద్ద ఫోల్డర్. అక్క సండే స్కూల్ పాటలు, డ్యాన్సులు, అక్కాచెల్లెళ్లు ఒకే గౌను కోసం కొట్టుకున్న క్రిస్మస్, అన్నీ అందులోనే. ఆమె ఫైజల్‌ను పెళ్లి చేసుకున్న రోజే గోడ మీది ఫొటోలు జాన్సన్ దించేశాడు. ఇంట్లో అక్క మిగిలింది ఇక ఆ ఫోల్డర్‌లోనే. ఇంటికొచ్చి దాన్ని తీసేస్తానని పొద్దున్నే చెప్పి చర్చికి వెళ్లాడు.

షైని మళ్లీ డిలీట్ నొక్కింది. మళ్లీ అదే మాట తెర మీదికి వచ్చింది.

"ఏమంటాంది? సదువు."

"ఈ ఫోల్డర్‌ను మార్చాలంటే జాస్మిన్ అనుమతి..." షైని చదవడం ఆపేసింది.

"నా ఇంట్ల, నా డిస్కుల, ఆమె అనుమతి ఏంది?"

"అక్క పేరు మీద ఉంది నాయినా. తాళం పడ్డది."

"పోయేటప్పుడు ఏసుకొని పోయినట్టుంది," అంది అవ్వ. "తెలివిగల్లది."

"నువ్వు ఊకో అమ్మా."

జాన్సన్ డిస్కు వైరు పీకి మళ్లీ గుచ్చాడు. షైని లాప్‌టాప్ ఆపి మళ్లీ తెరిచింది. అదే మాట. ఆమె అరచేతులు చున్నీకి తుడుచుకుంది.

"కాలేజీల కంప్యూటర్ గ్రూపే గదా నీది. గింత గూడ చెప్పలేదా?"

షైని తల వంచింది. బయట నోరు విప్పని పిల్ల, ఇంట్లోనూ అంతే. అందుకని జాన్సన్ ఇంకోసారి అడగలేదు. మేడ్చల్‌లో ఛోటే మియా అనే కంప్యూటర్ రిపేరు అతనికి ఫోన్ కలిపాడు.

"ఎవరి పేరు చూపిస్తుందో ఆళ్లనే పిలిచి తీయించు జాన్సన్ భాయ్. లేకుంటే రేపు పట్కరా, నేను చూస్త."

"రేపటిదాక పెండ్లోళ్లు ఆగుతరా?"

"అయితే బిడ్డనే పిలువు. మీ ఇంటికి రెండు గల్లీల అవతలనే గదా ఉండేది."

జాన్సన్ ఫోన్ పెట్టేశాడు. పెట్టేయగానే మళ్లీ మోగింది. పెళ్లికూతురి అన్న.

"అన్నా, స్టేజీ రెడీ. యాడున్నరు?"

"బయల్దేరిన," అన్నాడు జాన్సన్, కాళ్లకు చెప్పులైనా లేకుండా.

అవ్వ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. "నువ్వేం మాట్లాడకు కొడకా. నేను మాట్లాడ్త." తన ఫోన్ తీసి షైనితో నంబరు కొట్టించింది. "జాస్మినూ, గా లాప్‌టాప్‌ల నీ పాస్‌వర్డ్ ఏందో చెప్పు బిడ్డా. మీ నాయిన పరేషాన్ అయితాండు."

అటునుంచి జాస్మిన్ గొంతు వినబడింది.

"నోటికి రాదవ్వా. నా వేళ్లకే గుర్తున్నది. నన్ను రమ్మంటడా?"

అవ్వ కొడుకు వైపు చూసింది. అతను గోడకేసి తిరిగి నిలబడ్డాడు. వద్దనలేదు.

"రా," అంది అవ్వ.

పొయ్యి మీది చాయ్ కాగేలోపే జాస్మిన్ గుమ్మంలో ఉంది. చెప్పులు ఎక్కడ విడవాలా అన్నట్టు ఒక్క క్షణం చూసి, పాత చోటే విడిచింది.

"ఏది తీసెయ్యాలె నాయినా?"

"నీదే."

షైని లేచి గోడకు ఆనుకుంది. జాస్మిన్ కూర్చుంది. వేళ్లు టకటకా కదిలాయి. ఫోల్డర్ సెట్టింగులు తెరిచింది. ఎవరికి ఏ అనుమతి ఉందో చూపించే చోట ఆమె చెయ్యి ఆగిపోయింది. తీసేయడానికి ఎవరికీ వీల్లేదని అక్కడ టిక్కు పెట్టి ఉంది. దాన్నే చాలాసేపు చూసింది. తర్వాత షైనిని చూసింది. షైని తన పాదాలను చూసుకుంటోంది.

"జల్దీ కానియ్యి," అన్నాడు జాన్సన్.

"జల్దీ అయ్యేది కాదు నాయినా. ఒక్కొక్క ఫైలు తాళం ఇప్పాలె. నేను రెండు మూడు రోజులు రావాల్సుంటది. ఇప్పటికైతే నా డిస్కు ఒకటి ఖాళీగున్నది, ఫైజల్‌ను పట్కరమ్మంట. కార్డులు అండ్ల ఎక్కిద్దాం."

జాన్సన్ గడియారం చూశాడు. గుప్పిట్లో కార్డులు చూసుకున్నాడు.

"గేటు కాడ ఇచ్చి పొమ్మను."

"గేటు దాక వచ్చినోడికి చాయ్ ఇయ్యకుంట ఎట్ల పంపుతం?" అని అవ్వ ఇంకో గ్లాసు తీసింది.

జాన్సన్ కార్డులు జాస్మిన్ చేతికి ఇవ్వలేదు. చేతి పక్కన పెట్టాడు.

"నాయినా," అంది షైని. తనంతట తాను నోరు తెరిచిందని అందరూ ఆమె వైపు చూశారు. "అంత సేపు పట్టదు నాయినా. గా తాళం..."

జాస్మిన్ కుర్చీ నెట్టి లేచింది. "దీని కండ్ల ముందర నాకు పని సాగదు," అంటూ చెల్లెల్ని భుజాలు పట్టి గది బయటికి నడిపించింది. గుమ్మం దగ్గర ఆమె చెవికి వంగింది.

"నేనెన్నడు దేనికీ తాళమెయ్యలేదే షైనీ. మంచిగ ఏసినవ్," అని మెల్లగా తలుపు మూసేసింది.